అంబాసిడర్ మార్క్ 4కి సరిపోయే సెల్ఫ్ మోటార్ ఎలా వెతకాలి?

నమస్తే అండి. మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారి 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి, మూడు నెలలుగా షెడ్డులోనే ఉంది. తాళం తిప్పితే ఒక్కోసారి ‘టక్’మని ఆగిపోతోంది. ఒక్కోసారి మోటార్ గిర్రున తిరిగిన చప్పుడు వస్తుంది గానీ ఇంజన్ కదలదు. రాజమండ్రిలో మెకానిక్ చూసి సెల్ఫ్ మోటార్ (తాళం తిప్పగానే ఇంజన్‌ని మొదట తిప్పే మోటార్) పోయింది, మార్చాలన్నాడు. ఒక షాపులో ‘డీజిల్ అంబాసిడర్‌ది వేసేయండి, రెండూ 1489 సీసీయే కదా’ అన్నారు. ఇంకో షాపులో పాతది ఇచ్చేస్తే రీకండిషన్ చేసినది ఎక్స్ఛేంజ్‌లో ఇస్తామన్నారు. ఇంటర్నెట్‌లో చిన్న గేర్ రిడక్షన్ మోటార్ ఒకటి కూడా మీకు కనబడింది. వీటిలో ఏది కొనాలో చెప్పమన్నారు.

ఇప్పుడే ఏదీ కొనకండి. అంతకన్నా ముఖ్యం, మీ పాత మోటార్‌ని ఎవరికీ ఇవ్వకండి. ముప్ఫై ఏళ్లకు పైగా ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. పాత బండికి సరిపోయే మోటార్ వెతకడానికి పుస్తకం కన్నా, కేటలాగ్ కన్నా నమ్మకమైన ఆధారం ఆ బండిలోంచి దిగిన పాత మోటారే. అది చేతిలో ఉన్నంతకాలం దారి ఉంటుంది. అది పోయాక ఊహ మీద వెతకాల్సి వస్తుంది.

ముందు అసలు మోటార్ పోయిందా అన్నది చూద్దాం. నాకైతే నమ్మకం కుదరడం లేదు. మీరు పంపిన ఫోటోలో సోలినాయిడ్ స్విచ్ (తాళం తిప్పగానే మోటార్‌కి బ్యాటరీ కరెంటు కలిపే స్విచ్) మోటార్ మీద లేదు, ఇంజన్ గదిలో బాడీకి బిగించి ఉంది. అంటే మీది పాత పద్ధతి మోటార్, మేం ‘బెండిక్స్ టైపు’ అంటాం. ఇందులో పినియన్‌ని, అంటే మోటార్ షాఫ్ట్ మీది చిన్న పళ్ల చక్రాన్ని, ముందుకు తోసే లివర్ ఏదీ ఉండదు. మోటార్ ఒక్కసారిగా తిరగగానే షాఫ్ట్ మీద ఉన్న మరలో పినియన్ దానంతట అదే జారి, ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే పెద్ద చక్రం చుట్టూ ఉండే రింగు పళ్లలో పడుతుంది. ఇంజన్ అందుకున్నాక వెనక్కి విసిరేస్తుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే, క్లచ్ ప్లేట్ దుమ్ము, పాత గ్రీజు, తేమ కలిసి ఆ మర మీద జిగురులా పేరుకుంటాయి. అప్పుడు మోటార్ తిరుగుతుంది, పినియన్ జరగదు. మీకు వినిపించే ‘గిర్రు’ అదే. గిర్రున తిరిగే మోటార్‌లో ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం), ఫీల్డ్ కాయిల్ (దాని చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్లు) పూర్తిగా కాలిపోయి ఉండవు కదా!

ఇక ‘టక్’. అది సోలినాయిడ్ మూసుకున్న చప్పుడు. అక్కడిదాకా కరెంటు వచ్చింది. ఆ తర్వాత మోటార్ తిరగకపోవడానికి నాలుగైదు కారణాలు ఉంటాయి. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసి, ఎవరినైనా తాళం తిప్పమనండి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ నీరసంగా ఉన్నట్టు, లేదా పినియన్ రింగులో ఇరుక్కుని మోటార్ తిరగలేక కరెంటు లాగేస్తున్నట్టు. ‘టక్’మన్నా లైట్లు చెక్కు చెదరకుండా వెలుగుతుంటే మోటార్‌కి కరెంటే చేరడం లేదు: సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలి ఉండాలి, కేబుల్ కొనకు ఉండే లగ్గు వదులై ఉండాలి, లేదా ఆర్మేచర్‌కి ఆనుకుని కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయి ఉండాలి.

బ్యాటరీని మల్టీమీటర్‌తో కొలవండి. నిండుగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందకు పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. మూడు నెలలు నిలబడిన బండి అంటున్నారు కాబట్టి దీన్ని దాటేయకండి. ఇంకొకటి, ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. ఆ అల్లిక పట్టీ తెగినా తుప్పు పట్టినా సెల్ఫ్ మోటార్ లాగే అంత కరెంటూ చోక్ కేబుల్ మీదుగా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ వేడిగా తగిలితే జబ్బు మోటార్‌లో లేదు, ఆ పట్టీలో ఉంది. ఇలాంటి బండ్లకు కొత్త మోటార్ వేసి, తిరగలేదని దాన్నీ విప్పి, మూడోది వేయించుకున్న యజమానుల్ని చూశాను. మనసుకు కష్టంగా ఉంటుంది.

పినియన్ ఇరుక్కుపోయిందని అనుమానం ఉంటే తాళం తీసేసి, బండిని టాప్ గేర్‌లో పెట్టి, ఇద్దరు మనుషులు వెనక్కీ ముందుకీ ఊపితే చాలాసార్లు వదులుతుంది. లూకాస్ కంపెనీ పాత బెండిక్స్ మోటార్లలో వెనక చివర చిన్న రేకు మూత కింద షాఫ్ట్ కొన చదరంగా ఉంటుంది. దానికి స్పానర్ పెట్టి తిప్పినా వదులుతుంది. అంబాసిడర్‌కి హ్యాండిల్ వేసి తిప్పే సౌకర్యం ఉంది కదా, ప్లగ్గులు విప్పి ఒకసారి హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పి చూడండి. సాఫీగా తిరగాలి. ఇంజనే పట్టేసి ఉంటే ఎంత మంచి మోటార్ తెచ్చినా లాభం లేదు.

ఇవన్నీ చూశాక కూడా మోటారే అని తేలితే, లేదా బెండిక్స్ శుభ్రం చేయడానికైనా సరే, మోటార్‌ని దింపాలి. బ్యాటరీ మైనస్ తీసేశాకే కింద చెయ్యి పెట్టండి. రెండే బోల్టులు, కానీ కిందిది అందుకోవడం కష్టం. పొడుగు ఎక్స్‌టెన్షన్ ఉంటే పని సులువు. ఆ బోల్టులు అంగుళాల కొలతవి, మర కూడా యూఎన్ఎఫ్ (అంగుళాల లెక్కలో సన్న మర). పోయాయని మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి బలవంతంగా ఎక్కించకండి.

దిగిన మోటార్‌ని కిరోసిన్ గుడ్డతో తుడవండి. బ్రష్ పెట్టి గట్టిగా రుద్దితే అంకెలు చెరిగిపోవచ్చు. లూకాస్ పద్ధతిలో మోటార్ ఒంటి మీదే మోడల్ పేరు, పార్ట్ నంబర్, దాని పక్కన తయారైన వారం, సంవత్సరం అంకెలు గుద్ది ఉంటాయి. మన దేశంలో ఇవి చెన్నై పాడిలోని లూకాస్ టీవీఎస్ నుంచి వచ్చాయి. 1961లో పెట్టిన కంపెనీ అది. అంకెలు సరిగా కనబడకపోతే వాటి మీద సుద్ద ముక్క రుద్ది, పక్క నుంచి టార్చి వేసి ఫోటో తీయండి. నంబర్ దొరికితే సగం పని అయినట్టే. సగమే అంటున్నాను, ఎందుకంటే నలభై ఏళ్ల బండిలో ఉన్న మోటార్ ఆ బండితో పుట్టిందేనన్న హామీ లేదు. మధ్యలో ఎవరో ఏదో వేసి ఉండొచ్చు.

అంబాసిడర్‌తో ఉన్న పెద్ద చిక్కే ఇది. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలోని ఫ్యాక్టరీలో 2014 మే వరకు ఈ బండి తయారైంది. పైకి చూడటానికి అదే గుండ్రటి బండి, లోపల ఇంజన్లు మాత్రం వేరు వేరు. మీ దాంట్లో ఉండాల్సింది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) 1489 సీసీ పెట్రోల్. అదే 1489 సీసీలో డీజిల్ కూడా వచ్చింది. 1990లలో ఇసుజు 1.8 పెట్రోల్, ఆ తర్వాత ఇసుజు 2 లీటర్ల డీజిల్ వచ్చాయి. పైగా టాక్సీ వాళ్లు, పెట్రోల్ ఖర్చు భరించలేని సొంతదారులు చాలామంది పెట్రోల్ ఇంజన్ దించేసి డీజిల్ ఎక్కించుకున్నారు. అందుకే షాపులో ‘అంబాసిడర్ 84 మోడల్’ అని అడిగితే సరైన జవాబు రాదు. మోటార్ బిగించేది ఇంజన్‌కి, గేర్‌బాక్సుకి. బానెట్ మీద పేరుతో దానికి సంబంధం లేదు. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబర్, ఇంజన్ మీద ఉన్న నంబర్ ఒకటేనో కాదో ముందు చూసుకోండి.

డీజిల్‌ది వేసేయమన్న ఆయన మాట వినకండి. సీసీ ఒకటే అయినంత మాత్రాన మోటార్ ఒకటి కాదు. పెట్రోల్ ఇంజన్ కంప్రెషన్ ఏడు, ఎనిమిది రెట్లు ఉంటే డీజిల్‌ది ఇరవై రెట్లకు పైనే. దాన్ని తిప్పడానికి ఒళ్లు పెద్దది, బరువైనది, లివర్‌తో పినియన్‌ని తోసే రకం మోటార్ పెట్టారు. ఒకవేళ రంధ్రాలు కలిశాయనుకున్నా, రింగు పళ్లతో అది పొసగదు. తిరిగి చూపిస్తుంది, తర్వాత కొరికేస్తుంది.

రింగు పళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అసలు నష్టం అక్కడే జరుగుతుంది. సొంతంగా షెడ్డు పెట్టుకున్న కొత్తలో తెనాలి నుంచి ఒక డాక్టరుగారు ఇలాంటి పెట్రోల్ అంబాసిడరే తెచ్చారు. అప్పటికే వేరే చోట పాత మోటార్ ఇచ్చేసి ఎక్స్ఛేంజ్‌లో ఇంకొకటి వేయించుకున్నారు. రెండు వారాలు బాగానే పనిచేసిందట. తర్వాత పొద్దున్నే సెల్ఫ్ కొడితే గరగరమని చప్పుడు. విప్పి చూస్తే బోల్టు రంధ్రాలు సరిగ్గా ఉన్నాయి, ముందు గుండ్రటి కాలర్ సరిగ్గా కూర్చుంది, పొడవు కూడా సరే. పినియన్ పళ్లు లెక్కపెట్టాను. పది ఉన్నాయి. రింగు పళ్ల మధ్య దూరం కొలిస్తే ఆ సైజుకి ఉండాల్సినవి తొమ్మిది. ఒక్క పన్ను తేడా. గేర్‌బాక్స్ దింపితే రింగు మీద ఎదురెదురుగా రెండు చోట్ల పళ్లు నున్నగా అరిగి ఉన్నాయి. పాత మోటార్ కోసం అడిగితే అది తుక్కులో పోయిందన్నారు. రింగు మార్చి, మళ్లీ సరైన మోటార్ వెతికి వేసేసరికి ఆయనకు అయిన ఖర్చు, మొదటే పాత మోటార్ బాగు చేయించుకుని ఉంటే అయ్యే ఖర్చుకి అనేక రెట్లు. ఆ రోజు నుంచి ‘పాతది వదలకండి’ అని ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

రెండు చోట్లే ఎందుకు అరిగాయంటారా? నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడు కంప్రెషన్ అడ్డుపడి దాదాపు ప్రతిసారీ అరచుట్టు తేడాలో ఉండే రెండు చోట్లలో ఏదో ఒకచోటే నిలబడుతుంది. కాబట్టి పినియన్ వచ్చి పడేది ఎప్పుడూ అవే పళ్ల మీద. మీ మోటార్ దింపాక, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి, హ్యాండిల్‌తో ఇంజన్‌ని నెమ్మదిగా పూర్తి చుట్టు తిప్పుతూ ప్రతి పన్నూ చూడండి. ఒక పన్నుకి సుద్దతో గుర్తు పెట్టి మొదలుపెడితే, అది తిరిగి వచ్చేలోపు రింగు మొత్తం పళ్లు ఎన్నో కూడా లెక్క వస్తుంది. ఆ లెక్క రాసిపెట్టుకోండి. గేర్‌బాక్స్ దింపకుండా అది తెలుసుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

ఇక కొలతలు. సన్న కొలతలు తీసే వెర్నియర్ ఉంటే మంచిది, లేకపోతే పక్క లేత్ షాపులో అడిగి తీసుకోండి. పినియన్ పళ్లు ఎన్ని, పినియన్ బయటి వ్యాసం ఎంత, బోల్టు రంధ్రాల మధ్య దూరం ఎంత, ఇంజన్‌లోకి దిగే కాలర్ వ్యాసం ఎంత, బిగింపు ముఖం నుంచి పినియన్ అంచు దాకా పినియన్ వెనక్కి ఉన్నప్పుడు ఎంత, ముందుకు లాగినప్పుడు ఎంత, మోటార్ ఒంటి వ్యాసం ఎంత, మొత్తం పొడవు ఎంత. తిరిగే దిక్కు కూడా. పినియన్ వైపు నుంచి చూస్తే కుడికా ఎడమకా అన్నది రాయండి. ఎటు నుంచి చూశారో రాయకపోతే ఆ మాటకి విలువ లేదు. ఫోన్‌లో అడిగేవాళ్లంతా ఇక్కడే తడబడతారు. కాలర్ వ్యాసాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. బోల్టులు మోటార్‌ని పట్టుకుంటాయి, కానీ పినియన్ రింగుకి సరైన దూరంలో నిలబడేలా చూసేది ఆ కాలరే. అది వదులైతే పళ్లు సరైన లోతులో కలవవు.

ఇన్ని రాసుకున్నాక, నా సలహా మాత్రం వెతకడం మొదలుపెట్టే ముందు మీ మోటార్‌నే బాగు చేయించడం. నిజం చెప్పాలంటే ఈ బండికి ఇంతకన్నా బాగా సరిపోయే మోటార్ ప్రపంచంలో ఎక్కడా దొరకదు. పాత లూకాస్ మోటార్ చాలా గట్టి వస్తువు, దాదాపు ప్రతి భాగమూ మార్చుకోవచ్చు. అందులో సాధారణంగా అరిగేవి కార్బన్లు, ఆర్మేచర్ షాఫ్ట్ తిరిగే రెండు చివర్ల బుష్‌లు, బెండిక్స్ స్ప్రింగు, పినియన్.

కార్బన్లు 8 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చేస్తాను. స్ప్రింగుల బలం కూడా చూడాలి. కొత్త కార్బన్ వేసి, నీరసించిన స్ప్రింగు వదిలేస్తే మళ్లీ అదే కథ. ఫీల్డ్ కాయిల్‌కి అతికిన కార్బన్ తీగను కొత్తగా అతికేటప్పుడు టంకం తీగలోకి పాకిపోకుండా జాగ్రత్త పడాలి. పాకితే తీగ బిరుసెక్కి కార్బన్ కదలదు.

బుష్‌ల గురించి యజమానులెవరూ అడగరు, అసలు అడగాల్సింది అవే. బుష్ అరిగితే ఆర్మేచర్ కిందికి వాలి ఫీల్డ్ ముక్కలకు రాసుకుంటుంది. మోటార్ తిరుగుతుంది గానీ ఈడ్చుకుంటూ తిరుగుతుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకలా, బండి వేడెక్కాక ఒకలా ఉంటే ముందు బుష్‌నే అనుమానించండి. ఆర్మేచర్ తీసి చూస్తే ఒంటి మీద మెరిసే గీత కనబడుతుంది. కొత్త బుష్‌ని బిగించే ముందు ఒక రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నాననివ్వాలి. అది రంధ్రాలున్న కంచు, నూనెను లోపలికి పీల్చుకుని తర్వాత కొన్నేళ్లపాటు తానే వదులుతుంటుంది. నానబెట్టకుండా సుత్తితో కొట్టి ఎక్కించిన బుష్ ఎక్కువకాలం ఉండదు. పని ఇచ్చేటప్పుడు ‘బుష్ నానబెట్టి వేయండి’ అని ఒక్క మాట చెప్పండి. ఆ మాటతో అవతలి మనిషికి మీకు విషయం తెలుసని అర్థమవుతుంది.

కమ్యుటేటర్ (ఆర్మేచర్ కొసన కార్బన్లు ఆనే రాగి భాగం) మీద గాడి పడి ఉంటే లేత్ మీద కొద్దిగా తేల్చాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. డైనమో కమ్యుటేటర్‌లో రాగి ముక్కల మధ్య మైకాని లోపలికి గీరడం మామూలు. పాత లూకాస్ సెల్ఫ్ మోటార్లలో మాత్రం అలా గీరకూడదని లూకాస్ మాన్యువల్‌లోనే ఉంది. అలవాటు కొద్దీ గీరేస్తారు, కాబట్టి ముందే చెప్పండి. ఆర్మేచర్‌ని గ్రౌలర్ అనే పరీక్ష యంత్రం మీద పెట్టి షార్ట్ ఉందో లేదో చూపించమనండి. ఫీల్డ్ కాయిల్ గుడ్డ చుట్టు మాత్రమే చినిగి ఉంటే కొత్తగా చుట్టి వార్నిష్ వేస్తే చాలు. ఆర్మేచర్ కాలిపోయి ఉంటేనే రీవైండింగ్ అవసరం. మంచి వైండింగ్ మేస్త్రి దొరకడం ఇప్పుడు కష్టమైపోయింది, కానీ విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. మీకు రాజమండ్రి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రాగలిగే దూరమే.

బెండిక్స్ షాఫ్ట్‌ని పెట్రోల్‌తో కడిగి ఆరనివ్వండి. గ్రీజు పెట్టకండి. బాగు చేస్తున్నామనుకుని గ్రీజు పూస్తారు, దానికే క్లచ్ దుమ్ము అంటుకుని మళ్లీ పినియన్ పట్టేస్తుంది. పొడిగా ఉండాలి, లేదా పల్చటి నూనె ఒక్క చుక్క చాలు. మీ బండికి ఈ ఒక్క పనితోనే సరిపోవచ్చని నా మనసుకి గట్టిగా అనిపిస్తోంది.

బాడీ పగిలిందో, ఆర్మేచర్ షాఫ్ట్ వంగిందో, బాగు కాదని తేలితే అప్పుడు వెతుకుదాం. పాత మోటార్‌ని సంచిలో పెట్టుకుని స్వయంగా వెళ్లాలి. ఫోన్‌లో కుదరదు. విజయవాడ ఆటోనగర్ మొదటిది. హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణీగంజ్. అక్కడ లేకపోతే చెన్నై. కొత్త, పాత స్టాకు స్పేర్ల కోసం జనరల్ ప్యాటర్స్ రోడ్డు, విప్పిన బండ్ల భాగాలకు పుదుపేట. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో అంబాసిడర్ సామాను పుష్కలం, కానీ అక్కడ టాక్సీలుగా తిరిగిన అంబాసిడర్లు ఎక్కువగా డీజిల్‌వి కాబట్టి తెలిసినవాళ్లు ఉంటేనే తెప్పించుకోండి. షాపులో రెండు మోటార్లనూ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి, మీరు రాసుకున్న ప్రతి కొలతా కొత్తదానిపై మళ్లీ కొలవండి. పినియన్ పళ్లు మీరే వేలు పెట్టి లెక్కపెట్టండి. అవతలివాళ్లు విసుక్కున్నా పరవాలేదు.

బ్రిటన్‌లో బంధువులెవరైనా ఉంటే ఇంకో దారి ఉంది. మీ ఇంజన్ అక్కడి బీఎంసీ బీ సిరీస్ కుటుంబానిది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఆస్టిన్ కేంబ్రిడ్జ్, ఎంజీఏ స్పోర్ట్స్ కారు, అన్నీ ఇదే 1489 సీసీతో నడిచాయి. పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు అక్కడ ఎక్కువ, కాబట్టి ఆ బండ్ల సెల్ఫ్ మోటార్లు, బెండిక్స్, కార్బన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇంజన్ ఒకటైనా బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ని కప్పి ఉండే తొడుగు), ఫ్లైవీల్ మారి ఉండొచ్చు. అందుకే పళ్ల లెక్క, కొలతల ఫోటోలు పంపి సరిచూసుకున్నాకే డబ్బు కట్టాలి. పూర్తి మోటార్ కన్నా బెండిక్స్, కార్బన్ల సెట్ తెప్పించుకోవడం తేలిక, బరువు తక్కువ.

గేర్ రిడక్షన్ మోటార్ గురించి అడిగారు. మంచి వస్తువే. లోపల చిన్న గేర్ల వల్ల ఆర్మేచర్ వేగంగా తిరిగి, తక్కువ కరెంటుతో ఎక్కువ బలం ఇస్తుంది. బరువు కూడా బాగా తక్కువ. కానీ మీ బండికి అది నేరుగా ఎక్కేది కాదు. మూడు విషయాలు చూడాలి.

మొదటిది రింగు పళ్ల వాలు. పినియన్ సులువుగా జారేందుకు రింగు పళ్లకు ఒక పక్క అంచు వాలుగా చెక్కి ఉంటుంది. పినియన్ ఏ వైపు నుంచి వచ్చి పడుతుందో వాలు ఆ వైపే ఉండాలి. బెండిక్స్ మోటార్‌లో పినియన్ ఇంజన్ వైపు నుంచి వస్తుందో, గేర్‌బాక్స్ వైపు నుంచి మోటార్ దిక్కుకి వెనక్కి వస్తుందో మీ మోటార్‌లో చేత్తో జరిపి చూడండి. కొత్త మోటార్ దానికి ఎదురు దిక్కు నుంచి వచ్చేదైతే వాలు లేని అంచుకు గుద్దుకుంటూ ఉంటుంది. మీ ఇంజన్‌కే, బెండిక్స్ రింగుకే అని స్పష్టంగా రాసి అమ్మేది తప్ప ఇంకేదీ తీసుకోకండి.

రెండోది వైరింగ్. ఇప్పుడు మీ బండిలో సోలినాయిడ్ నుంచి మోటార్‌కి వెళ్లే లావు కేబుల్‌లో తాళం తిప్పినప్పుడే కరెంటు ఉంటుంది. కొత్త రకంలో సోలినాయిడ్ మోటార్ మీదే ఉంటుంది కాబట్టి ఆ కేబుల్‌లో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, మధ్యలో ఫ్యూజ్ కూడా ఉండదు. అది ఛాసిస్‌కి రాసుకుంటే మంటలే. రబ్బరు గొట్టం తొడిగి, క్లిప్పులు వేసి, ఎగ్జాస్ట్‌కి దూరంగా తీసుకెళ్లాలి. శ్రమ ఎందుకని పాత సోలినాయిడ్‌నే ఉంచి, కొత్త మోటార్ మీద లావు టెర్మినల్‌కీ చిన్న టెర్మినల్‌కీ మధ్య ముక్క తీగ కలిపేస్తారు కొందరు. అలా చేయనివ్వకండి. ఈ కొత్త మోటార్లలో చాలావాటికి లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. తాళం వదిలాక కూడా మోటార్ కొన్ని క్షణాలు తిరుగుతూ తానే కరెంటు పుట్టిస్తుంది, ఆ తీగ ద్వారా అదే సోలినాయిడ్‌ని పట్టి ఉంచుతుంది. ఇంజన్ స్టార్ట్ అయినా పినియన్ వెనక్కి రాదు. చిన్న టెర్మినల్‌కి తాళం నుంచి రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా విడి తీగ ఇవ్వాలి.

మూడోది ప్లస్ ఎర్త్. పాత బ్రిటిష్ పద్ధతి బండ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉండేది. మీది 84 మోడల్ కాబట్టి ఆ భయం ఉండకూడదు, అయినా 60ల నాటి అంబాసిడర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే బ్యాటరీ ఏ కొస బాడీకి ఉందో చూసుకోండి. ఫీల్డ్ కాయిల్ ఉన్న పాత మోటార్ ప్లస్ మైనస్ మార్చినా ఒకే దిక్కుకు తిరుగుతుంది. అయస్కాంతాల మోటార్ మాత్రం వెనక్కి తిరుగుతుంది.

మోటార్ బాగై వచ్చినా, వేరేది తెచ్చినా బిగించేటప్పుడు చేయాల్సినవి కొన్ని. బిగింపు ముఖాల మీద పెయింటు, తుప్పు గీకేయండి. మోటార్‌కి ఎర్త్ దాని ఒంటి ద్వారానే వెళ్తుంది. మెరుగ్గా కనబడాలని రీకండిషన్ మోటార్ మొత్తానికి నల్ల రంగు పూస్తారు, ఆ రంగే ఎర్త్‌ని అడ్డుకుంటుంది. బ్యాటరీ కలిపే ముందు హ్యాండిల్‌తో ఇంజన్ రెండు చుట్లు తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. ఆ తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఒక్కసారికి పది సెకన్లు దాటనివ్వకండి, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. ఆగకుండా కొడితే కమ్యుటేటర్ దగ్గర టంకం కరిగి విసిరేస్తుంది, అప్పుడు నిజంగానే ఆర్మేచర్ పోతుంది. మోటార్ టెర్మినల్ దగ్గర మీటర్ పెట్టి సెల్ఫ్ కొడుతున్నప్పుడు చూడండి. బ్యాటరీ దగ్గర కన్నా అర వోల్టుకి మించి తక్కువ ఉంటే దారిలో కేబుల్, లగ్గు, సోలినాయిడ్ ఏదో తినేస్తోంది.

వేరే మోటార్ వేసుకున్నా పాతది కనీసం రెండు మూడు నెలలు ఇంట్లోనే ఉంచండి. పొద్దున చలికీ మధ్యాహ్నం ఎండకీ, బండి వేడి మీద ఆపి మళ్లీ తీసినప్పుడూ అన్నిటికీ గరగర లేకుండా తీసుకుంటోందని నమ్మకం కుదిరాక ఆలోచించవచ్చు.

ముందు హెడ్‌లైట్ల పరీక్ష, చోక్ కేబుల్ వేడి సంగతి చూసి ఏమైందో రాయండి. మోటార్ దింపిన రోజు ఒంటి మీద నంబర్ ఫోటో, పినియన్ పళ్ల లెక్క, రింగు పళ్ల లెక్క పంపితే చాలు, మీకు కావాల్సింది ఏదో చూసి చెబుతాను. దింపేముందు కేబుళ్లు ఎక్కడివి ఎక్కడ ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. నాన్నగారికి హ్యాండిల్ వేసి తిప్పడం తెలిసే ఉంటుంది, ఆ రోజు పక్కన కూర్చోబెట్టుకోండి. కానీ ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా హ్యాండిల్ వేయనివ్వకండి, ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది.